మా ఇంటికీ ఉంది కాల్‌షీట్!

అవుట్‌డోర్ షూటింగ్ అనగానే మీ కళ్ల ముందు ఏం మెదులుతుంది? గోదావరి ఒడ్డు, లంగరేసిన పడవ, కొబ్బరిచెట్ల నీడన కుర్చీలో హీరోయిన్, ఆవిడకి గొడుగు పట్టిన కుర్రాడు... ఆహా, ఏమి జీవితం! తిరగడానికి తిరగడం, పైగా చేతికి డబ్బు! అనుకుంటారు. ఇక ఏడాది పొడవునా అవుట్‌డోర్‌లోనే ఉండి, అక్కడే సంపాదించుకుంటూ, అక్కడే పిల్లని పెంచుకుంటూ బతికేవాళ్లు ఉన్నారంటే మరీ ఈర్ష్య పడతారేమో! తొందరపడకండి. అలా బతికేవాళ్లలో నేనూ ఒకతెను. అసలు సంగతి చెబుతాను, విన్నాక మీ ఇష్టం.

నేను సినిమాల గురించి రాసే ఫ్రీలాన్స్ జర్నలిస్టుని. ఒక్క వ్యాసాలతోనే ఇల్లు గడవదు గనక తెలుగు సినిమాలకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ కూడా రాస్తాను. మావారు చిన్న చిన్న వ్యాపారస్తులకు జమాఖర్చులు, పన్నుల లెక్కలు చూసిపెడతారు. ఇద్దరి పనీ రెండు ల్యాప్‌టాప్‌లలో ఇమిడిపోతుంది. 2020లో కరోనా వచ్చి అందరినీ ఇంట్లో కూచోబెట్టినప్పుడే మాకు తెలిసొచ్చింది - మా పనికి ఆఫీసు అక్కర్లేదని. ఆఫీసు అక్కర్లేనప్పుడు ఆ ఊరే ఎందుకు? ఆ ప్రశ్న రెండేళ్లు నలిగి నలిగి, చివరికి ఓ వేసవిలో హైదరాబాదులో అద్దె ఇల్లు ఖాళీ చేయించింది. బీరువా, మంచాలు అత్తయ్యగారింటికి చేరాయి. మూడు పెట్టెలు, ఒక కుక్కరు, మూడేళ్ల పాప - ఇవి మాతో బయల్దేరాయి. అప్పట్నుంచీ రాజమండ్రి, అరకు, మైసూరు, చెన్నై, మళ్లీ రాజమండ్రి... ఇదీ మా వరస.

అమ్మకి పనేమీ లేదు!

రాజమండ్రిలో మేం అద్దెకున్న వాటాకి ఎదురువాటా పిన్నిగారు మా పాపని అడిగారట - "మీ అమ్మ ఏం చేస్తుందే?" అని. మా పాప తడుముకోకుండా చెప్పింది:

"అమ్మకి పనేమీ లేదు. రోజంతా సినిమాలు చూస్తుంది!"

పిన్నిగారు నవ్వారు. మావారు మరీ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ "చూడ్డం" ఎలా ఉంటుందో మీకు చెప్పాలి.

సబ్‌టైటిల్ అంటే డైలాగుని ఇంగ్లీషులోకి దించెయ్యడం కాదు. తెర మీద రెండు వరుసలకి మించకూడదు. వరుసకి సుమారు 42 అక్షరాలు. ఒక్కో టైటిల్ సెకను కన్నా తక్కువసేపు ఉంటే చదవలేరు, 7 సెకన్లు దాటి ఉంటే జనం దాన్నే మళ్లీ చదువుతారు. ఈ కొలతల్లో మన గోదావరి వెటకారాన్ని కూర్చాలి! "ఆయ్!" అన్న ఒక్క మాటకి ఇంగ్లీషు వెతుక్కుంటూ పావుగంట కూచున్న రోజులున్నాయి. రెండున్నర గంటల సినిమాలో ఇలాంటివి పదిహేను వందల పైచిలుకు. పైగా విడుదల కాని సినిమా - ఎవరి కంటా పడకూడదని ముందే సంతకం పెట్టి ఉంటాం. అందువల్ల రైల్లో చెయ్యకూడదు, హోటల్లో కాఫీ తాగుతూ చెయ్యకూడదు. తలుపేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, గోడవైపు తిరిగి కూచోవాలి. కిటికీలోంచి గోదావరి కనిపిస్తూనే ఉంటుంది. కానీ చూసే తీరికేదీ?

అదండీ అవుట్‌డోర్! తలుపు అవతల పాప "అమ్మా, లాంచీ వెళ్తోంది రా!" అని కొడుతూ ఉంటుంది. ఇవతల నేను హీరోగారి పంచ్ డైలాగుని 42 అక్షరాలకి కుదిస్తూ ఉంటాను. ఊళ్లు తిరిగేది పాపతో కలిసి ఉండడానికే అయినప్పుడు, ఆ తలుపు ఎంతసేపు మూసి ఉండాలి? ఇదే మా ఇంట్లో అసలు గొడవ.

సురభి వాళ్లకి తెలుసు

ఇదేదో ఇంటర్నెట్టు వచ్చాక పుట్టిన వింత అనుకుంటే పొరపాటు. మన తెలుగునాట సంసారాన్నీ వృత్తినీ ఒకే బండిలో వేసుకుని తిరిగినవాళ్లు నూటనలభై ఏళ్ల కిందటే ఉన్నారు. సురభి వాళ్లు! 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు "కీచకవధ"తో మొదలుపెట్టిన నాటకం, కుటుంబాలు కుటుంబాలుగా పెరిగి ఊరూరా తిరిగింది. తాత, తండ్రి, కోడలు, మనవడు - అందరూ నటులే. మన తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" (1932) లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఆ కుటుంబాల ఆడపడుచే. ఆవిడ తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులొచ్చి, రంగస్థలం మీదే ఆవిడ పుట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సినిమా కోసం మనవాళ్లు వెళ్లింది ఎక్కడికనుకున్నారు? బొంబాయికి!

సురభి వాళ్ల పద్ధతిలో నన్ను ఆకట్టుకున్నది ఒకటుంది. వాళ్లు రోజుకో ఊరు తిరగలేదు. ఒక ఊళ్లో హాలు వేశారంటే వారాలూ నెలలూ అక్కడే. పూటకో నాటకం మారేది గాని ఊరు మారేది కాదు. అదే హాలు వెనక వంట, అక్కడే ఉయ్యాల. సాయంత్రానికి అందరికీ ఒకే పని.

మొదటి మూణ్ణెల్లూ మేం వారానికో ఊరు తిరిగాం. బస్సు దిగడం, గది వెతుక్కోవడం, ఇంటర్నెట్టు వస్తోందో లేదో చూడ్డం, పాలు దొరికే చోటు కనుక్కోవడం... వీటికే సగం వారం సరి. మిగతా సగంలో పని. పాపకి మిగిలేది సున్నా. ఆ తరవాత మాకు మేమే ఒక రూలు పెట్టుకున్నాం. ఏ ఊరెళ్లినా రెండు నెలలకి తక్కువ ఉండకూడదు! అలా ఉంటే లాడ్జికి రోజువారీ కట్టే బదులు నెలవారీ అద్దెకి వాటా దొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం - పాపకి ఎదురింట్లో ఒక నేస్తం దొరుకుతుంది.

ఏడు నుంచి ఒంటిగంట

రెండో రూలు సినిమావాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్నదే. మద్రాసు రోజుల్లో ఉదయం ఏడింటికి మొదలై ఒంటిగంటకి ముగిసేది ఒక కాల్‌షీట్. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి దాకా ఇంకొకటి. పెద్ద పెద్ద నటులు ఒక కాల్‌షీట్ ఒక నిర్మాతకి, రెండోది మరొకరికి ఇచ్చేవాళ్లు. ఇచ్చిన కాల్‌షీట్‌లో మరొకరు వేలు పెట్టడానికి వీల్లేదు.

మా ఇంట్లోనూ అంతే! పొద్దున్న ఏడు నుంచి ఒంటిగంట దాకా నా కాల్‌షీట్. ఆ వేళ వంట, పాప, కొరియర్‌వాడు - అన్నీ మావారివి. రెండు నుంచి ఎనిమిది దాకా ఆయనది, పాప నాది. ఒంటిగంట నుంచి రెండు దాకా ముగ్గురం కలిసి భోజనం. ఆ గంటలో ఫోన్లు బీరువాలో. బీరువా లేని ఇంట్లో బియ్యం డబ్బాలో! ఎనిమిదిన్నరకి అత్తయ్యగారికి వీడియో కాల్. నిర్మాత స్వయంగా ఫోన్ చేసినా ఆ వేళ అత్తయ్యగారిదే.

"అమ్మాయ్, ఇల్లెప్పుడు చూసుకుంటారే?" అని ఆవిడ రోజూ అడుగుతారు. "చూస్తున్నాం అత్తయ్యా" అని నేను రోజూ అంటాను. మా ఇద్దరికీ అది అలవాటైపోయింది.

ఊరు మారడానికీ ముహూర్తాలున్నాయండోయ్! నెలనెలా జీఎస్‌టీ లెక్కల్లో మొదటిది 11వ తారీకులోగా, రెండోది 20వ తారీకులోగా దాఖలు చెయ్యాలి. ఆ రెండు తారీకుల ముందు మావారిని కదపడం బ్రహ్మతరం కాదు. నాకేమో సినిమాలు శుక్రవారం విడుదలవుతాయి గనక బుధ, గురువారాలు ప్రాణం మీదికొస్తాయి. అందుకని మా ప్రయాణాలన్నీ 20 దాటిన తరవాత, శని ఆదివారాల్లోనే. విశాఖ నుంచి అరకు వెళ్లే రైలు ఎక్కిన రోజున ఒక సొరంగం దాటితే మరో సొరంగం, ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఆ రోజు ఇద్దరికీ డెడ్‌లైన్ లేకపోబట్టి సరిపోయింది. పాప సొరంగాలు లెక్కపెడుతూ మధ్యలో తప్పిపోయి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. రెండేళ్లలో నేను తనతో కలిసి పూర్తిగా కిటికీలోంచి చూసిన రోజు అదొక్కటే అనిపించింది.

లెక్కలు, జ్వరాలు

మీలో కొందరికి ఈపాటికి బ్యాగు సర్దాలని ఉత్సాహం వచ్చే ఉంటుంది. కాస్త ఆగి ఈ లెక్కా చూడండి. ఫ్రీలాన్సరుకి ఒకటో తారీకు ఉండదు. పని చేసి, బిల్లు పంపి, నెలా నెలన్నర ఎదురుచూడాలి. ఒక్కోసారి సినిమా విడుదలై, థియేటర్ల నుంచి వెళ్లిపోయి, టీవీలో వచ్చేసినా మన డబ్బు రాదు! వచ్చినప్పుడు పది శాతం టీడీఎస్ కోసుకునే వస్తుంది. అది రిటర్న్ వేశాక లెక్కలో సర్దుబాటవుతుంది గాని, ఆ నెల పాలవాడు ఆగడు కదా! మూడు నెలల ఖర్చు బ్యాంకులో కదలకుండా ఉంటేనే మేం ఊరు మారతాం. లేకపోతే ఉన్నచోటే ఉంటాం. ఒకసారి మైసూరులో అలా అయిదు నెలలు ఉండిపోయాం. జనం "మైసూరు అంత నచ్చిందా?" అన్నారు. నచ్చిన మాట నిజమే. రావలసిన బిల్లులు రాని మాటా నిజమే!

ఇక జ్వరాలు. కొత్త ఊళ్లో అర్ధరాత్రి పిల్ల ఒళ్లు కాలిపోతుంటే, ఏ డాక్టరు ఎక్కడో తెలియదు. అందుకే ఊరు చేరిన మొదటి రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో చూసి వస్తాం. టీకాల కార్డు మా పెట్టెలో పాస్‌బుక్ కన్నా పైన ఉంటుంది. అయిదారేళ్ల మధ్య వేయించాల్సిన డీపీటీ రెండో బూస్టర్‌ని, ఆ కార్డు చూపించి ప్రభుత్వ కేంద్రంలోనే ఉచితంగా వేయించాం. ఊరు మనది కాకపోయినా సూది మనదే!

హీరోయిన్ ఒప్పుకోవాలిగా!

ఇంతదాకా బాగానే ఉంది. ఇప్పుడు అసలు మలుపు. పాపకి ఆరో ఏడు రాబోతోంది.

ఇన్నాళ్లూ మా బడి రోడ్డు మీదే. రాజమండ్రిలో 1900 నుంచి 1997 దాకా రైళ్లని మోసి ఇప్పుడు ఊరికే నిలబడ్డ హేవ్‌లాక్ వంతెనని చూపించి, పక్క వంతెన మీద వెళ్లే గూడ్సు పెట్టెలతో అంకెలు నేర్పాను. అక్షరాలు సినిమా పోస్టర్ల మీద నేర్చుకుంది. కానీ మొన్న రాజమండ్రి వదిలేటప్పుడు ఎదురువాటా పిన్నిగారి మనవరాలి చెయ్యి పట్టుకుని, "ఈసారి నేను రాను. మీరిద్దరూ వెళ్లి రండి" అంది. ఏడవలేదు, అలగలేదు. చాలా మామూలుగా అంది. దారి పొడుగునా మావారూ నేనూ మాట్లాడుకోలేదు.

ఆ రాత్రి ఆయన, "ఇక చాలు, హైదరాబాదు వెళ్లిపోదాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. హైదరాబాదులో మూసిన తలుపు ఇంతకన్నా ఎక్కువసేపు మూసి ఉండేది. పొద్దున్న బస్సు, సాయంత్రం ట్రాఫిక్, రాత్రికి నిద్రపోయిన పాప - అదే నాకు గుర్తుంది. అలాగని ఆ పిల్ల మాట తోసిపుచ్చడం ఎలా? వారం రోజులు వాదించుకున్నాం. విద్యాహక్కు చట్టం (2009) తిరగేశాం. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి వయసుకి తగ్గ తరగతిలో ప్రభుత్వ బడి సీటివ్వాలి. ఊరు మారితే మరో ప్రభుత్వ బడికి మారే హక్కుంది. టి.సి. ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. చట్టం మాకు అడ్డు రాలేదు. అడ్డల్లా నేస్తమే. నేస్తానికి టి.సి. ఇచ్చే బడి ఎక్కడుంది?

సురభి కుటుంబాలు కూడా చివరికి చాలామటుకు హైదరాబాదు పక్కన లింగంపల్లిలో సురభి కాలనీ కట్టుకుని నిలదొక్కుకున్నాయి. నాటకం మానలేదు. పిలిచిన ఊరికి వెళ్లి ఆడి వస్తున్నారు.

మేమూ అలాంటి దారే పట్టాం. ఈ జూన్ నుంచి రెండు నెలలకో ఊరు బంద్! ఏడాదికి ఒకే ఊరు. బడి తెరిచిన రోజు నుంచి మూసిన రోజు దాకా కదలం. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులే మా అవుట్‌డోర్. వచ్చే ఏడు ఆ ఊళ్లోనే ఉండాలా, మరో ఊరా అన్నది ముగ్గురం ఓటేసి తేలుస్తాం. పాప ఓటు రెండింటికి సమానం.

మొదటి ఊరు ఏదో మీరు ఊహించే ఉంటారు - రాజమండ్రే. పిన్నిగారి ఎదురువాటా ఇంకా ఖాళీగానే ఉందట. అడ్వాన్సు పంపేశాం. అత్తయ్యగారికి చెబితే, "మరి మంచాలు పంపించెయ్యనా?" అన్నారు. ఒక్క మంచం పంపమన్నాం. మిగతావాటి సంగతి వచ్చే వేసవిలో చూద్దాం!

కాబట్టి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దేశం తిరగాలని కలలు కనే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను చెప్పేదొక్కటే. తిరగండి, తప్పకుండా తిరగండి. ఒక్కరే ఉన్నన్నాళ్లూ మీ కాల్‌షీట్లన్నీ మీవే. ఇంట్లో మరొక మనిషి ఉంటే, ఆ మనిషికీ మీ రోజులో ఒక కాల్‌షీట్ రాసి ఇవ్వండి. ఇచ్చాక దాన్ని ఏ నిర్మాత అడిగినా సర్దుబాటు చెయ్యకండి.