పందెం కంపెనీ చెప్పే పాఠం

క్రికెట్ మ్యాచ్ మధ్యలో రమ్మీ ప్రకటనలు వచ్చిన రోజులు గుర్తున్నాయా? చివర్లో ఒక గొంతు హడావుడిగా ‘ఆర్థిక నష్టం ఉండొచ్చు, వ్యసనంగా మారొచ్చు, బాధ్యతగా ఆడండి’ అనేసి మాయమయ్యేది. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2020 డిసెంబరులో తెచ్చిన నిబంధన అది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ, వాటి ప్రకటనలనూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. ఆ ‘బాధ్యతగా ఆడండి’ అన్న మాట మాత్రం జనం చెవుల్లో ఉండిపోయింది. అందులో బాధ్యత అంతా ఎవరి నెత్తిన పడిందో చూడండి. ఆడేవాడిదే. ఆడించేవాడి ఊసే లేదు.

బ్రిటన్‌లో ఇదే మాట బడిలో పాఠమైంది. ఆన్‌లైన్ జూదం వల్ల వచ్చే ముప్పు గురించి పిల్లలకు చెప్పాలని ఇంగ్లండ్‌లో 2020 నుంచి ఆరోగ్య విద్యలో చేర్చారు. మంచిదే. కానీ పాఠం తయారుచేయడానికి టీచరుకు తీరిక, సామగ్రి కావాలిగా! సరిగ్గా అక్కడే బెట్టింగ్ కంపెనీల సంఘం కోటి పౌండ్లతో ముందుకొచ్చింది. ఆ డబ్బుతో స్వచ్ఛంద సంస్థలు పాఠాలు రూపొందించి, టీచర్లకు శిక్షణ ఇచ్చాయి. వాటిలో పనిచేసేవారి చిత్తశుద్ధిని శంకించనక్కర్లేదు. జూదం వల్ల దెబ్బతిన్నవాళ్లూ వారిలో ఉన్నారు.

చిక్కల్లా పాఠంలో లేనిదాంతోనే. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు ఈ సామగ్రిని పరిశీలించి 2022లో విశ్లేషణ ప్రచురించారు. జూదాన్ని మామూలు వినోదంలా చూపడం, సరైన నిర్ణయం తీసుకోవడం పిల్లల పనే అనడం, కంపెనీల తీరును పక్కకు నెట్టేయడం.. వాళ్లు పట్టుకున్న లోపాలు ఇవి.

మరి ఏం చెప్పాలి? యూరోపియన్ రూలెట్ చక్రంలో 37 గళ్లుంటాయి. ఒక గడి మీద పందెం గెలిస్తే ఇచ్చేది 35 రెట్లే. అంటే పెట్టిన ప్రతి 100లో సగటున 2.70 యజమానికి మిగలాల్సిందే. దీనికి అదృష్టంతో పనిలేదు, లెక్క అంతే. ‘అయ్యో, కొద్దిలో తప్పిపోయింది’ అనిపించే ఓటమి కూడా మెదడులో గెలుపు తాలూకు భాగాలనే తట్టిలేపుతుంది. అందుకే ఓడినా చెయ్యి ఆగదు. పైగా ఉద్వేగాలకు కళ్లెం వేసే మెదడు ముందుభాగం ఇరవై దాటాక గానీ పూర్తిగా ఎదగదు. ఇంకో మాటా చెప్పాలి. పరిశ్రమ లాభాల్లో 60 శాతం, ఇప్పటికే జూదంతో సతమతమవుతున్న లేదా ఆ అంచున ఉన్న 5 శాతం మంది నుంచే వస్తోందని బ్రిటన్ ప్రభువుల సభ కమిటీ 2020లో తేల్చింది. పాఠం నిజంగా ఫలిస్తే తన లాభానికే గండి పడే కంపెనీ, దానికి డబ్బెందుకు పెడుతుంది?

సిగరెట్ల విషయంలో ఈ కథ ముందే నడిచింది. 1998లో ఫిలిప్ మోరిస్ అమెరికాలో పిల్లలను ఉద్దేశించి ‘ఆలోచించు, పొగ తాగొద్దు’ అని ప్రచారం చేసింది. ఆ ప్రకటనలు చూసిన పిల్లల్లో పొగతాగడం వైపు మొగ్గు ఎక్కువగా ఉన్నట్టు 2002లో వెలువడిన అధ్యయనంలో కనిపించింది. పొగాకు కంపెనీల గుట్టు బయటపెట్టిన ‘ట్రూత్’ ప్రచారమే బాగా పనిచేసింది.

బ్రిటన్ కూడా ఆలస్యంగానైనా కదిలింది. పరిశ్రమ విరాళాల సొమ్ముతో చికిత్స చేయడాన్ని ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్యసేవ 2022లో మానేసింది. 2025 ఏప్రిల్ నుంచి విరాళాల బదులు కంపెనీలపై తప్పనిసరి సుంకం వచ్చింది. ఆ డబ్బును ఎలా ఖర్చుపెట్టాలన్నది ఇప్పుడు కంపెనీల చేతిలో లేదు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. అయినా విదేశీ యాప్‌ల లింకులు టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి. కాబట్టి పిల్లలతో మాట్లాడక తప్పదు. ‘ఆడకు’ అని వదిలేయకుండా పై లెక్కలు వాళ్లతోనే వేయించండి. కాలేజీలో ‘బాధ్యతాయుత గేమింగ్’ పేరిట సదస్సు పెడితే, ఖర్చు ఎవరిదని అడగండి.

యూపీఐలో చిన్న చిన్న మొత్తాలు తరచూ వెళ్లిపోవడం, రాత్రిళ్లు మేలుకోవడం, స్నేహితుల దగ్గర అప్పులు, ఫీజు కట్టానంటూ అబద్ధాలు, లోన్ యాప్‌ల ఫోన్లు.. ఇలాంటివి కలిసి కనిపిస్తే తాత్సారం చేయొద్దు. తిట్టి, కొట్టి పరువు తీస్తే పిల్లలు మరింత దాచేస్తారు. ఎవరికీ తెలియకుండా అప్పు మొత్తం తీర్చేస్తే ఆట మళ్లీ మొదలయ్యే ప్రమాదం ఎక్కువ. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది. ఆలోచన, ప్రవర్తన తీరును మార్చే కౌన్సెలింగ్ దీనికి బాగా ఉపయోగపడుతుంది. సైకియాట్రిస్టును కలవండి. చనిపోతానన్న మాట నోట వస్తే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. సలహా కోసం టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.