ఎకరాకు ఎన్ని మొక్కలు?

బ్రూస్‌పేటలో పుట్టి పెరిగి, ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో అంకెలతో కాలం గడుపుతున్నవాణ్ణి. బి.కాం. చదివినవాడికి మక్కజొన్న సేద్యంతో ఏం పని అని మీరు అడగవచ్చు. మా మేనమామకు జరిగిన నష్టం వల్ల పని పడింది.

మామకు బళ్లారి దగ్గర పల్లెలో నాలుగెకరాల ఎర్రనేల. వానాధారం. సాళ్ల మధ్య రెండడుగులు, మొక్కల మధ్య అడుగు ఎడం వదిలి విత్తేవాడు. అంటే ఎకరాకు సుమారు 22 వేల మొక్కలు. వ్యవసాయ శాఖ కరపత్రంలో సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20 అని చదివాను. ఆ లెక్కన 33 వేల పైచిలుకు.

"మామా, ఎకరాకు పదకొండు వేల కండెలు పోగొట్టుకుంటున్నావు" అన్నాను.

"అన్నిటికీ నీళ్లు యాడనుంచి తెచ్చేది అల్లుడూ?" అన్నాడు. అయినా నా మాట కాదనలేక ఒత్తుగా విత్తాడు.

మోకాలెత్తు వరకు పైరు చూడముచ్చటగా ఉండింది. సరిగ్గా పూత సమయానికి వాన ముఖం చాటేసింది. మక్కజొన్నలో మగపూత పైన, కండె నడుమ. ఇరుకులో నీళ్లు చాలకపోతే కండె పీచు ఆలస్యంగా బయటికొస్తుంది. అప్పటికి పైన పుప్పొడి రాలిపోయి ఉంటుంది. ఇక గింజ ఎక్కడిది? చాలా మొక్కలు ఉత్త చొప్పగా మిగిలాయి. అప్పు కట్టడానికి మామ ఎద్దుల జత అమ్మాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

కరపత్రం తప్పు కాదు. నీరు, ఎరువు అందే నేలకు ఆ లెక్క సరైనదే. అక్కడ పలుచగా విత్తితేనే నష్టం. మక్కజొన్న వరిలా పిలకలు వేసి ఖాళీ పూడ్చదు. అమెరికాలో 1930లలో ఎకరాకు పది పన్నెండు వేల మొక్కలుండేవి, ఇప్పుడు 30 వేలు దాటాయి. 2023లో అక్కడి సగటు దిగుబడి ఎకరాకు 177 బుషెళ్లు, మన లెక్కలో 45 క్వింటాళ్లు. ఎడంగా పెంచితే పాత హైబ్రిడ్‌కూ కొత్తదానికీ మొక్క కాపులో పెద్ద తేడా లేదనీ, కొత్తవి ఇరుకును ఓర్చుకోవడమే అసలు లాభమనీ డొనాల్డ్ డువిక్ అనే శాస్త్రజ్ఞుడు చూపించారు. ఓర్చుకోవడానికైనా తడి ఉండాలి కదా! నేను కూడికలే చేశాను, వాన సంగతి మరిచాను.

మరుసటి ఏడు మామ మళ్లీ అడుగు ఎడమే పెట్టాడు. నాలుగేళ్లకు బోరు పడింది. దాని కింది ఎకరంలో మాత్రం తాడుకు 20 సెంటీమీటర్లకొక ముడి వేసి, ఒక కొస నన్ను పట్టుకోమన్నాడు.