ఒడే భద్రమనుకున్నా!

మా వారు సింగరేణిలో పనిచేస్తారు. టోపీ, లైటు, నడుముకు బెల్టు లేకుండా ఒక్కనాడూ బాయిలోకి దిగరు. అదే మనిషి కారెక్కితే మాత్రం "గోదావరిఖని నుంచి పెద్దపల్లికి బెల్టెందుకే?" అంటారు! నేనేం తక్కువ తిన్నానా? మూడేళ్ళ బాబును ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చునేదాన్ని. తల్లి ఒడిని మించిన భద్రం ఏముందని!

ఓసారి రాజీవ్ రహదారి మీద ముందు పోయే బొగ్గు లారీ ఠక్కున ఆగింది. మా వారు బ్రేకు తొక్కారు. బాబు నా చేతుల్లోంచి జారి ముందుకు కొట్టుకున్నాడు. పెదవి చిట్లింది. గట్టిగానే పట్టుకున్నానండీ! ఆ ఊపును ఏ తల్లి చేతులూ ఆపలేవు. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టుకుంటే మరీ ముప్పు, మన బరువంతా బిడ్డ మీదే పడుతుంది.

ఇప్పుడు వెనక వాడికి పిల్లల సీటు బిగించాం. ఎనిమిదేళ్ళ పాపకు బెల్టు మెడకు ఒరుసుకోకుండా కింద ఎత్తు సీటు వేశాం. (వెనక బెల్టెందుకనే వారికి 2022లో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పోయింది వెనక సీట్లోనేనని గుర్తుచేయండి.) 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టు లేకుంటే 1000 రూపాయల జరిమానా అని 2019 చట్ట సవరణలోనే ఉంది.

పిల్లలు వింటారు, చిక్కంతా పెద్దలతోనే. మొన్న మా పాప కారు తాళం దాచేసి "నాన్నా, నీ బెల్టు?" అంది.

"బాయిల ఓవర్‌మెన్ సారు లెక్కనే ఉన్నవు గదా!" అంటూ పెట్టుకున్నారు.