నవలలో ఉపదేశం: ‘అట్లాస్ ష్రగ్డ్’ – ఒక పరిశీలన

1. ప్రవేశిక:

ఆలంకారికులు ఉపదేశాన్ని మూడు విధాలుగా చెప్పారు. వేదం ప్రభువులా శాసిస్తుంది; పురాణం మిత్రునిలా హితం పలుకుతుంది; కావ్యం కాంతలా మనసు కరిగించి ఒప్పిస్తుంది. నవలకూ ఈ మూడవ మార్గమే తగినది. ఆ మార్గం తప్పిన నవల పాఠకుణ్ణి ఎలా నిరాశపరుస్తుందో అయన్ రాండ్ ‘అట్లాస్ ష్రగ్డ్’ ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రచారం – నిరీక్షణ:

‘ది ఫౌంటెన్‌హెడ్’ (1943) పొందిన ఆదరణ వల్ల రాండ్ తరువాతి నవల కోసం పాఠకులు ఎదురుచూశారు. 1957 అక్టోబరులో అమెరికాలోని రాండమ్ హౌస్ సంస్థ దానిని విస్తృత ప్రచారంతో వెలువరించింది. సమర్థులు ఒక్కొక్కరే ఎందుకు అదృశ్యమవుతున్నారన్న రహస్యం, రైలు సంస్థను నిలబెట్టడానికి డాగ్నీ టాగర్ట్ పడే తపన మొదటి భాగాన్ని ఆసక్తిగా చదివిస్తాయి.

3. కథ ఆగిన చోటు:

మూడవ భాగంలో జాన్ గాల్ట్ రేడియోలో మూడు గంటలు ప్రసంగిస్తాడు. అచ్చులో అది సుమారు 60 పుటలు. కుదించమని ప్రచురణకర్త బెనెట్ సెర్ఫ్ కోరినా రచయిత్రి అంగీకరించలేదు. నిడివి కంటే పెద్ద లోపం మరొకటి ఉంది. ఆ ప్రసంగానికి దీటుగా బదులు చెప్పగల పాత్ర నవలలో లేదు. ప్రత్యర్థులలో అత్యధికులను రచయిత్రి ముందుగానే అసమర్థులుగా, కపటులుగా చిత్రించింది. నిజాయితీపరుడైన ఉద్యోగి ఎడ్డీ విల్లర్స్ మాత్రం చివరికి ఎడారిలో ఆగిపోయిన రైలు దగ్గర ఒంటరిగా మిగులుతాడు. మేధావి కాని మంచివాడి గతి ఏమిటి? ఈ ప్రశ్నకు గాల్ట్ ప్రసంగంలో తృప్తికరమైన సమాధానం దొరకదు. నవలలో నన్ను అన్నిటికంటే కదిలించిన ఘట్టం కూడా ఇదే.

4. ‘మాలపల్లి’తో పోలిక:

ఉపదేశం ఉండడమే దోషమనుకుంటే, 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని కూడా పక్కన పెట్టవలసి వస్తుంది. అందులోనూ దీర్ఘమైన చర్చలున్నాయి. అయితే అక్కడ ఒకే ఇంట్లో భిన్న మార్గాలు కనిపిస్తాయి. సంగదాసుది సంస్కరణ మార్గం. వెంకటదాసుది తిరుగుబాటు మార్గం. తండ్రి రామదాసుది వేదాంత దృష్టి. ఏ మార్గాన్ని అంగీకరించినా, అంగీకరించకపోయినా ముగ్గురి దుఃఖమూ పాఠకుణ్ణి తాకుతుంది. అందువల్ల చర్చ పుస్తకం మూసిన తరువాత కూడా కొనసాగుతుంది.

5. ముగింపు:

ఒక నవల సిద్ధాంతాన్ని అంగీకరించడం, దాని శిల్పాన్ని మెచ్చుకోవడం వేర్వేరు విషయాలు. ప్రచారం పెంచిన ఆశను శిల్పమే నిలబెట్టాలి. ఎవరి బుద్ధితో వారు ఆలోచించాలని బోధించే ‘అట్లాస్ ష్రగ్డ్’ తన పాఠకుని ఆలోచనకు మాత్రం చోటు మిగల్చలేదు. ఆ నవల కలిగించే నిరాశకు మూలం ఇదేనని ఈ పరిశీలన వల్ల తెలుస్తోంది.