పాత కంప్యూటరు బోర్డు: పట్టుబడని దోషము

పూర్తిగా చెడిన యంత్రముకంటె, ఒకప్పుడు పనిచేసి యొకప్పుడు మానునట్టి యంత్రమే బాగుచేయువానిని బాధించును. వైద్యుడు వాకిట నడుగిడగానే జ్వరము విడుచు రోగివంటి దది.

1981వ సంవత్సరాంతమున నింగ్లండులో బి.బి.సి. మైక్రో అను కంప్యూటరు వెలువడెను. 1984లో భారత ప్రభుత్వము క్లాస్ అను ప్రణాళికను ఆరంభించి పాఠశాలల కిచ్చినవి యీ యంత్రములే. అట్టి దొకటి, 32 కిలోబైట్ల మెమరీ గలది, నాయొద్దకు వచ్చెను. ఉదయమున చక్కగా నడచును. అరగంట గడవగానే తెరనిండ అర్థములేని యక్షరములు పరచి, ఏ మీట నొక్కినను పలుకక నిలిచిపోవును.

నేను చేసిన మొదటి పని తప్పు. మెమరీ చిప్పులే కారణమని యూహించి, క్రొత్తవి తెప్పించి, పాతవానిని కాచి యూడదీసితిని. ఆ వేడికి మదర్‌బోర్డుమీది సన్నని రాగి దారి యొకటి లేచిపోయెను. దానిని తీగతో నతికించుటకు రెండు సాయంకాలములు పట్టినవి. రోగము మాత్రము కదలలేదు.

అప్పుడుగాని యంత్రము చెప్పు మాట వినవలెనని తోచలేదు. ఈ యంత్రమును వేయగానే మొదట మందరధ్వని యొకటి, వెంటనే హెచ్చు స్థాయిలో చిన్న కూత వినవచ్చును. మొదటి ధ్వనియే ఆగక సాగినచో ప్రాసెసరు పని మొదలిడలేదని యర్థము. కూత వచ్చి, తెరపై "లాంగ్వేజ్?" అని ప్రశ్న కనబడినచో, బేసిక్ భాష గల చిప్పు దానికి దొరకలేదన్నమాట. చిప్పులు వేడికి వ్యాకోచించి, చల్లారి సంకోచించి, ఏండ్లు గడచుకొలది సాకెట్టులనుండి మెల్లమెల్లగా పైకి జరుగును. ప్లగ్గు తీసి, భూమికి కలిపిన లోహము నొకమారు తాకి, బొటనవ్రేలితో సమముగా నొక్కిన చాలును. నాదానికి కూత సరిగానే వచ్చెను, ప్రశ్న రాలేదు.

ఇక మిగిలినది విద్యుత్తు. పవర్ సప్లై పెట్టెను విద్యార్థు లెన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును. అందలి పాత కాగితపు కెపాసిటర్లు పగిలి, తేమ పీల్చి, దుర్గంధపు పొగతో ప్రేలుట గలదు; వానిని తెలిసినవారు మార్చవలెను. కాని పెట్టె వెలుపల, బోర్డుమీద 5 వోల్టులను కొలుచుట మల్టీమీటరుతో సులభమే. 4.75కు తగ్గినచో చిప్పులు 1 అను సంకేతమును 0గా పొరబడవచ్చును. సప్లైనుండి వచ్చు తీగల చివర కొలువగా సరిగా 5 వోల్టులు కనబడెను. అంతటితో తృప్తిపడియున్న యెడల నేటికిని వెదకుచునే యుందును. అపొస్తలుడైన తోమావలె తాకి చూచినగాని నమ్మరాదని, బోర్డు నడుమనున్న చిప్పు కాలియొద్ద మరల కొలిచితిని. చల్లగా నున్నపుడు 4.9, అరగంటకు 4.6.

నడుమ పోయిన దెక్కడ? ఈ యంత్రమున తీగల చివరి తొడుగులు బోర్డుమీది లోహపు నాలుకలకు తొడుగబడి యుండును. అవి చిలుము పట్టి వదులైనవి. వదులైనచోట నిరోధము, నిరోధముచేత వేడి, వేడిచేత మరింత నిరోధము. ఇది చేసినవారి లోపము కాదు, నలువది యేండ్ల గాలితేమల పని. వానిని తుడిచి, బిగించి వేయగా యంత్రము సాయంకాలమువరకు ఆగక నడచెను.

నే నూడదీసిన పాత చిప్పులను తరువాత మరియొక బోర్డున పెట్టి పరీక్షించితిని. అన్నియు మంచివే.