ఊబి మింగదు, పట్టుకుంటుంది

వాడపల్లి వద్ద మూసీ కృష్ణలో కలిసేచోటైనా, కోదాడ వైపు పాలేరులోనైనా, వరద తీశాక ఇసుక పైకి గట్టిగానే కనిపిస్తుంది. అడుగునుంచి నీరు ఊరేచోట మాత్రం రేణువుల మధ్య పట్టు ఉండదు. కాలు పడగానే ఇసుక జావవుతుంది. ఆపై అడుగున పేరుకుని కాలిని బిగిస్తుంది. అదే ఊబి.

మనిషి నిలువునా మునిగిపోవడం సినిమాల్లోనే! ఊబి సాంద్రత మనిషి ఒంటికి రెట్టింపు. నడుము దాకా దిగి ఆగుతాడు. కానీ ఇరుక్కున్న కాలును సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున లాగాలన్నా కారును ఎత్తేంత బలం కావాలని 2005లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. అందుకే తాడు కట్టి గుంజవద్దు. వెనక్కి వాలి, కాళ్లు మెల్లగా కదిలిస్తే నీరు లోపలికి దిగి పట్టు సడలుతుంది.

ప్రాణం తీసేది ఆ తర్వాత వచ్చే నీరే. సోలిపేట వద్ద మూసీ ప్రాజెక్టు గేట్లు ఎత్తారని వింటే, దిగువన గొడ్లను ఏట్లోకి తోలవద్దు.