ఆమ్లానికి తగిన వడపోత

లోహశుద్ధిలో నిప్పుకూ ఆమ్లానికీ దక్కిన పేరు వడపోతకు దక్కలేదు గానీ, కరిగినదాన్నీ కరగనిదాన్నీ వేరుచేసే ఆ పలుచని పొర చినిగితే, అంతవరకు పడిన శ్రమంతా తిరిగి ఒకే పాత్రలో కలిసిపోతుంది. విశాఖపట్నంలో 1977లో మొదలై 2012లో ఆగిపోయిన జింకు కర్మాగారంలో ఈ పని పెద్ద ఎత్తున సాగేది. కాల్చిన ఖనిజాన్ని గంధకికామ్లంలో కరిగించాక మిగిలిన ముద్దను ఒకసారి, జింకు పొడి వేసి రాగి, కాడ్మియంలను ఘనరూపంలోకి దించాక మరొకసారి వడగట్టి, ఆ తర్వాతే ద్రావణాన్ని విద్యుద్విశ్లేషణకు, అంటే విద్యుత్తు పంపి లోహాన్ని పలకలపై పేర్చే దశకు చేర్చేవారు.

విశాఖ వన్‌టౌన్‌లోని కురుపాం మార్కెట్ మొదలుకొని ఏ ఊరి బంగారు బజారులోనైనా శుద్ధికారుని గాజు బీకరు నడిచేది ఈ సూత్రం మీదే. బంగారానికి దాదాపు మూడింతల వెండి కలిపి కరిగించి, రవ్వలుగా చేసి నత్రికామ్లంలో వేస్తే, వెండీ రాగీ కరిగిపోయి బంగారం గోధుమరంగు పొడిగా మిగులుతుంది. ద్రవరాజం, అంటే హైడ్రోక్లోరికామ్ల, నత్రికామ్లాల మిశ్రమం వాడినప్పుడు మాత్రం బంగారమే ద్రవంలోకి పోయి, వెండి క్లోరైడు తెల్లని మడ్డిగా నిలుస్తుంది. విలువైనది పొరపైన ఉందో, కిందికి జారిందో ఎరగనివాడు పారబోసేది బంగారమే కావచ్చు.

కాబట్టి వడపోత పొరను నిర్ణయించేది లోహం కాదు, దానిగుండా పోయే ద్రవం. పాత పంచెగుడ్డా, కాఫీ వడగట్టే కాగితమూ రెండూ సెల్యులోజే కనుక, గాఢ నత్రికామ్లం వాటిని మెత్తబరచి చింపడమే గాక, గంధకికామ్లం కూడా తోడైతే ఇట్టే భగ్గుమనే నైట్రోసెల్యులోజుగా మార్చగలదు. నైలాను బలమైన ఆమ్లాల్లో కరిగిపోతుంది; పాలీప్రొపిలీన్ గుడ్డ పలుచని ఆమ్లాలకు చాలాకాలం తట్టుకున్నా, వేడి గాఢ నత్రికామ్లం ముందు నిలవదు. సూక్ష్మరంధ్రాలున్న గాజు బిళ్లతో చేసిన గరాటుకు హైడ్రోఫ్లోరికామ్లం, గాఢ క్షారాలు తప్ప దాదాపు వేరే శత్రువులు లేవు. అది ఖరీదైనదే అయినా, పోయే బంగారం కన్నా చవక. కాగితమే వాడదలిస్తే, ద్రవాన్ని చల్లార్చి, ఆమ్లాన్నే నీళ్లలోకి నెమ్మదిగా పోసి పలుచన చేసి, మడ్డి పేరుకున్నాక పైతేట వంచి, తడిలో చినగని, కాలిస్తే బూడిద దాదాపు మిగలని రకాన్ని ఎంచాలి. బూడిద మిగలని రకాల్లో వాట్‌మన్ కంపెనీ కాగితం 41 దాదాపు 20 నుంచి 25 మైక్రాన్ల రేణువులను ఆపుతూ త్వరగా వడిస్తే, 42 సుమారు 2.5 మైక్రాన్ల వరకూ ఆపుతుంది గనుక నిదానంగా వడుస్తుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

ఆస్బెస్టాస్ ఊసు ఇక్కడ తప్పదు. 1878లో అమెరికా రసాయనవేత్త గూచ్ రంధ్రాల మూసలో ఆస్బెస్టాస్ పీచు పరచి వడగట్టే పద్ధతిని చెప్పిన తరువాత అది ప్రయోగశాలల్లో ఆచారమైంది. ఆమ్లానికి చెక్కుచెదరదని మెప్పు పొందిన కొన్ని ఆస్బెస్టాస్ రకాల పీచే ఊపిరితిత్తుల్లోనూ చెక్కుచెదరక దశాబ్దాల పాటు నిలిచి క్యాన్సరుకు కారణమౌతుంది కనుక, పాత సామానులో కనబడినా దాన్ని వాడకూడదు.

ఊపిరికి కట్టుకునే గుడ్డా వడపోతే కదా అనుకోవడం మరొక పొరపాటు. నత్రికామ్లం నుంచి లేచే గోధుమ పొగ నైట్రోజన్ డయాక్సైడ్ అనే వాయువు. ధూళిని ఆపే ముఖతొడుగు దాన్ని ఆపదు, పీల్చిన గంటల తరువాత, ఒక్కోసారి మరునాడు, ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. పొగను బయటికి లాగే గొట్టపు ఏర్పాటు లేని ఇరుకు ఇంట్లో ఈ పని చేయనేకూడదు.

వాడిన కాగితం వాడని కాగితం కన్నా ప్రమాదకరం. కడగకుండా ఎండిన నైట్రేటు కాగితం కాకరపువ్వొత్తిలా అంటుకుంటుంది. వెండి క్లోరైడును కరిగించడానికి అమ్మోనియా పోసిన ద్రావణం నిలవ ఉన్నా, అందులో తడిసిన పొర ఎండినా, తాకితేనే పేలే సమ్మేళనాలు పుట్టవచ్చు. ఊదారంగు మరకలున్న కాగితాన్ని మాత్రం పారేయరు, ఎందుకంటే ఆ రంగు అతి సూక్ష్మంగా నిలిచిపోయిన బంగారానిది కావచ్చు. బాగా కడిగి, ఆరబెట్టి, మూసలో కాల్చి, ఆ బూడిదను తరువాతి విడత కరిగింపులో కలుపుతారు.